ఫైబర్ బిల్లులో "గ్రీన్ ప్లాన్" చార్జీ ఉందేమో చూసుకోండి – నల్గొండ, పాలమూరు వాళ్ళకు జాగ్రత్త

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు కొత్తగా ఫైబర్ గానీ పోస్ట్‌పెయిడ్ గానీ తీసుకునేవాళ్ళు ఇది చదివాకే ఫారం మీద సంతకం పెట్టండి. ఒక టెలికాం కంపెనీ మా ఇంటి ఫైబర్‌ను "గ్రీన్ ప్లాన్"లో పెట్టి నెలకు 49 రూపాయలు అదనంగా తీసుకుంటోంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర గొడుగు వేసుకుని కనెక్షన్లు అమ్మే అబ్బాయి మా నాన్నకు చెప్పిన మాట ఇది: మీ ఇంటర్నెట్ వల్ల గాలిలో కలిసే కార్బన్ మొత్తాన్ని కంపెనీయే సున్నా చేస్తుంది, మీ పేరు మీద సర్టిఫికెట్ కూడా వస్తుంది. నాన్న సంతోషంగా ఒప్పుకున్నారు. ఏప్రిల్ రాకముందే బోర్లు వట్టిపోవడం కళ్ళారా చూసిన మనిషికి అలాంటి మాట నచ్చుతుంది, అందులో తప్పేముంది? అసలు నాకు కోపం వచ్చేది అక్కడే, ఆ మంచి మనసు చూసి డబ్బు లాగుతున్నారు.

సర్టిఫికెట్ వాట్సాప్‌లో వచ్చింది. ఆకు బొమ్మ, నాన్న పేరు, ధన్యవాదాలు, అంతే. ఎన్ని కిలోల కార్బన్, ఏ ప్రాజెక్టు, ఏ సంవత్సరం, ఏదీ లేదు. నిజంగా కార్బన్ క్రెడిట్ కొంటే లెక్క ఇలా ఉండదు. ఒక క్రెడిట్ అంటే ఎక్కడో ఒక ప్రాజెక్టు తగ్గించిన ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ లాంటి రిజిస్ట్రీల్లో దానికి సీరియల్ నంబర్ ఉంటుంది, వాడేశాక "రిటైర్" అయినట్టు నమోదు చేస్తారు, ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. రిటైర్ చేయకుండా వదిలేస్తే అదే క్రెడిట్‌ను ఇంకొకరికి కూడా అమ్ముకోవచ్చు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆ నంబర్ ఇవ్వండి అని అడిగితే "మా కంపెనీ నెట్ జీరో లక్ష్యం పెట్టుకుంది సార్" అన్నారు, అంటే వదిలే కార్బన్‌ను ఎప్పటికో లెక్కలో సున్నాకి తెస్తామన్న మాట. అవి రెండూ ఒకటి కాదు. ఎప్పుడో చేరుకోవాల్సిన లక్ష్యం కంపెనీది, ఈ నెల 49 రూపాయలు మావి. ఈ డబ్బుతో ఈ నెల ఏం చేశారన్నదే నా ప్రశ్న, దానికి ఇప్పటిదాకా జవాబు రాలేదు.

ఇక ఆ "సున్నా" సంగతి చూద్దాం. హాలియా వైపు మా అమ్మమ్మ వాళ్ళ ఊరి చివర సెల్ టవర్ ఉంది. కరెంటు ఎక్కువసేపు పోతే జనరేటర్ మొదలవుతుంది, పక్క చేనులో పనిచేసేవాళ్ళకు పొగ, మోత రెండూ తప్పవు. ఒక లీటరు డీజిల్ కాలితే రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పోనీ కరెంటు ఉన్నప్పుడైనా శుభ్రమా అంటే, మన దేశంలో కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే, గ్రిడ్ సగటు తీస్తే యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. మన జిల్లాలోనే దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంట్ కట్టారు, బొగ్గుతో నడిచేదే.

లెక్కల్లో ఇంకో కిటుకు ఉంది, కొనేవాళ్ళకు ఎవరూ చెప్పరు. కంపెనీ వల్ల వచ్చే కార్బన్‌ను మూడు "స్కోప్"లుగా విడగొట్టి లెక్కిస్తారు: కంపెనీ సొంతంగా కాల్చే ఇంధనం స్కోప్ 1, కొనే కరెంటు స్కోప్ 2, మిగతావన్నీ, అంటే రౌటర్ల తయారీ, రవాణా, మన ఇంట్లో ఆ రౌటర్ తాగే కరెంటు, ఇవి స్కోప్ 3. చాలాచోట్ల టవర్ సిమ్ కంపెనీది కాదు, వేరే టవర్ కంపెనీది. అప్పుడు ఆ జనరేటర్ డీజిల్ ఎవరి ఖాతాలో పడుతుందన్నది లెక్క వేసే పద్ధతిని బట్టి మారుతుంది. అందుకే "స్కోప్ 1, 2 తగ్గించాం" అని గొప్పగా చెప్పినా, మా ఊరి పొగ అందులో ఉందో లేదో అడగాల్సిందే. ఏ సంవత్సరంతో పోల్చి తగ్గిందో కూడా అడగండి, అది చెప్పకుండా శాతం చెబితే ఆ అంకెకు అర్థం లేదు.

ఇది కొత్త గొడవ కూడా కాదు. 2012లోనే టెలికాం శాఖ, 2015 కల్లా పల్లెల్లో సగం టవర్లు, పట్టణాల్లో 20 శాతం టవర్లు గ్రిడ్ కరెంటుతో పాటు సౌరశక్తి లాంటి వాటితో కలిపి నడవాలని చెప్పింది. అంటే టవర్ల పొగ తగ్గించడం కంపెనీలు ఎటూ చేయాల్సిన పని. దానికి మళ్ళీ మన దగ్గర విడిగా చార్జీ ఎందుకు?

చార్జీ తీసేయండి అంటే ప్లాన్ మారుతుంది, ఇన్‌స్టలేషన్ డబ్బులు మళ్ళీ కట్టాలి అన్నారు. ఈ మాట స్టాల్ దగ్గర ఎవరూ చెప్పలేదు, ఫారంలో ఎక్కడా లేదు. కాబట్టి తీసుకునే ముందే "ఈ గ్రీన్ చార్జీ వద్దంటే ఏమవుతుంది" అని అడిగి, జవాబు మెసేజ్ రూపంలో తీసుకోండి. నోటిమాటను నమ్మొద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు టెన్షన్ పడకండి. ముందు కంపెనీ కంప్లైంట్ సెంటర్‌లో ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) రాసుకోండి, తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గ్రీన్‌వాషింగ్ మీద, అంటే పర్యావరణానికి మేలు చేస్తున్నట్టు తప్పుదోవ పట్టించే ప్రచారం మీద మార్గదర్శకాలు తెచ్చింది. పర్యావరణానికి మేలు చేస్తున్నామని చెప్పుకుంటే ఆధారం చూపాలి, భవిష్యత్తు లక్ష్యాలు ప్రచారం చేసుకోవాలంటే వాటికి స్పష్టమైన ప్రణాళిక ఉండాలి. ఫిర్యాదులో ఈ మాట తప్పకుండా రాయండి, నేను రాశాక వాళ్ళ గొంతు మారింది.

టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్‌కు రావని కాల్ సెంటర్‌లో చెబితే వినకండి, వెళ్ళొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలోనే తేల్చింది. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో జిల్లా కమిషన్లు ఉన్నాయి. 5 లక్షల లోపు విలువైన కేసుకు ఫీజు లేదు.

స్టాక్ మార్కెట్‌లో లిస్టయినవాటిలో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే బాధ్యత, పర్యావరణ నివేదిక ఇవ్వాలి, కాలుష్యం అంకెలు అందులో ఉంటాయి. మీ కంపెనీది తెరిచి, అమ్మే అబ్బాయి చెప్పినదాంతో పోల్చి చూడండి. బిల్లు పీడీఎఫ్‌లో ఆ 49 రూపాయలు మొదటి పేజీలో కనిపించదు, రెండో పేజీలో "ఇతర చార్జీలు" కింద ఉంటుంది.