కంట్రోల్ ఆఫీస్ అప్లికేషన్: పెన్సిల్ చార్టు గీసినవాడి రివ్యూ

ఏ బండిని ఎప్పుడు వదలాలో, ఎక్కడ ఆపాలో తేల్చే రైల్వే కంట్రోల్లో బోర్డు మీద కూర్చున్న మొదటి పదేళ్ళూ నా పనిముట్లు మూడే: పెన్సిలు, స్కేలు, రబ్బరు. బల్ల నిండా పరిచిన చార్టు మీద అడ్డంగా టైము, నిలువుగా స్టేషన్లు. స్టేషన్ మాష్టారు ఫోన్లో "ఫలానా బండి త్రూ, రెండూ పధ్నాలుగు" అనగానే, అంటే బండి ఆగకుండా దాటిందనగానే, అక్కడ చుక్క పెట్టి, వెనకటి చుక్కతో గీత కలపాలి. వేగం ఎక్కువ కాబట్టి ఎక్స్‌ప్రెస్ గీత నిటారుగా నడుస్తుంది, గూడ్సు గీత వాలుగా సాగుతుంది. ఆరు గంటల షిఫ్టులో ఆ గీతల మీంచి చూపు తిప్పడానికి ఉండదు. మంచినీళ్ళు తాగినా ఒక కన్ను చార్టు మీదే.

తర్వాత రైల్వే సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ వాళ్ళు తయారుచేసిన కంట్రోల్ ఆఫీస్ అప్లికేషన్ వచ్చింది. మేమంతా సీఓఏ అంటాం. రిటైరయ్యేదాకా దాని మీదే పనిచేశాను. రైల్వే సాఫ్ట్‌వేర్ అనగానే అందరూ టికెట్ల యాప్ గురించే మాట్లాడతారు. బండి నడిపించే సాఫ్ట్‌వేర్ గురించి దాని ముందు కూర్చున్నవాళ్ళే చెప్పాలి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

చూడ్డానికి అది మా పాత చార్టే, తెర మీదికి వచ్చింది. బండి ఏ స్టేషన్‌కి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వదిలింది, ఆగితే ఎందుకు ఆగింది, ఎక్కడ కాషన్ (వేగం తగ్గించి నడపాల్సిన చోటు) ఉంది, ఏ లైను బ్లాకులో (పనుల కోసం మూసి) ఉంది, అన్నీ అందులోనే. గీతలు అదే గీస్తుంది. ఒక్క రబ్బరు ముక్క మిగిలిందంటే అంతే లాభం అనుకున్నాను మొదటి వారం. పొరపాటు. దాని అసలు విలువ జరిగిపోయింది గీయడంలో లేదు. బండి ఇప్పుడున్న చోటు నుంచి ఇకముందు ఎలా నడుస్తుందో లెక్కకట్టి ఆ గీతను కూడా ముందే వేసి చూపిస్తుంది. ఆ రాబోయే గీత కోసమే నేను ఈ సాఫ్ట్‌వేర్‌ని మెచ్చుకుంటాను.

ఒక రాత్రి జరిగింది చెబుతాను. ఒంగోలు దాటి గూడూరు వైపు బియ్యం రేకు (గూడ్సు బండి) ఒకటి పోతోంది. వెనకాల మద్రాసు వెళ్ళే సూపర్‌ఫాస్టు తరుముకొస్తోంది. పెన్సిల్ రోజుల్లో అయితే ఇంకో ఆలోచన లేకుండా గూడ్సుని కావలి లూపులో (స్టేషన్ పక్క లైన్లో) పెట్టేసేవాణ్ణి. సూపర్‌ఫాస్టుకి అడ్డం పడితే మర్నాడు సంజాయిషీ రాసుకోవాల్సింది నేనే కదా. కానీ లోడు రేకుని లూపులోకి తీసుకోవడం అంటే మాటలు కాదు. దూరం నుంచే వేగం తగ్గించుకుంటూ రావాలి, ఆగాలి, మళ్ళీ కదిలి ఊపు అందుకోవడానికి ఎన్నో నిమిషాలు. ఈలోగా వెనక ఇంకో రెండు ఎక్స్‌ప్రెస్‌లు వచ్చాయంటే వాటికీ దారి ఇవ్వాలి. అలా పెట్టిన బండి గంటన్నర కదలకపోవడం నేను ఎన్నిసార్లు చూశానో!

ఆ రాత్రి తెర మీద రెండు గీతలూ బిట్రగుంట దాటాక కలుస్తున్నాయి. అంటే బిట్రగుంట దాకా గూడ్సుకి దారి ఉంది. గుండె కొంచెం గట్టిగానే కొట్టుకుంది. బిట్రగుంట మాష్టారికి రింగ్ చేశాను. "లూపు ఖాళీయే సార్, పంపించండి" అన్నారు. కావలి త్రూ ఇచ్చాను. గూడ్సు బిట్రగుంట లూపులో పూర్తిగా సర్దుకున్నాక మాష్టారు సూపర్‌ఫాస్టుకి మెయిన్ లైను సిగ్నల్ ఇచ్చారు. దానికి ఒక్క నిమిషం కూడా పోలేదు. గూడ్సు కావలిలో ఆగకుండా బిట్రగుంట దాకా జరిగింది, వెనకటి రెండు ఎక్స్‌ప్రెస్‌లు వచ్చేలోపే మళ్ళీ బయల్దేరింది. చిన్న విషయంలా అనిపిస్తుంది. ఒక షిఫ్టులో ఇలాంటివి నాలుగు కలిసొస్తే నాలుగు రేకులు తెల్లారేసరికి గమ్యానికి దగ్గరపడతాయి. అంతకుముందు ఆ లెక్క నా బుర్రలో చెయ్యాలి, పది బండ్లకి ఒకేసారి.

అయితే అందులో పడే టైములు ఎంత నమ్మకమో ఈ ముందుగీత కూడా అంతే నమ్మకం. మొదట్లో ఆ టైములు మేమే ఎక్కించేవాళ్ళం. ఫోన్లో విన్నది విన్నట్టు కొడితే బాగానే ఉంటుంది. కానీ ఎక్కడో పశువు అడ్డం వచ్చింది, ఇంకెక్కడో గేటు పడలేదు, అటు డిప్యూటీ చీఫ్ కంట్రోలర్ గారు పిలుస్తున్నారు, ఇలాంటప్పుడు టైములు రాసిపెట్టుకుని తర్వాత ఒక్కసారే ఎక్కించేవాణ్ణి. బండ్ల రాకపోకలు చూపే ఎన్‌టీఈఎస్‌లో జనం చూసే రన్నింగ్ సమాచారం ఈ చార్టు నుంచే వెళుతుంది. ఒకసారి మా బావమరిది ఫోన్ చేసి, "బావా, బండి ఇంకా ఉలవపాడులోనే చూపిస్తోంది, స్టేషన్‌కి ఇప్పుడే బయల్దేరనా, ఆగనా?" అని అడిగాడు. బండి అప్పటికి తెట్టు దాటి కావలి చేరబోతోంది. ఆ ఆలస్యం నా చేతిదే. స్టేషన్లో పసిపిల్లలతో కూర్చున్న వాళ్ళెందరు అదే గీత చూసుకుంటున్నారో అని ఆ రోజు నుంచి నేను టైము ఎక్కించడం ఒక్క నిమిషం కూడా వాయిదా వెయ్యలేదు.

ఇస్రోతో కలిసి చేసిన, ఉపగ్రహం సాయంతో బండి ఎక్కడుందో చెప్పే ఆర్‌టీఐఎస్ ఈ బాధకి సరైన మందు. ఇంజన్‌లోనే పరికరం ఉంటుంది. స్టేషన్‌కి వచ్చిన టైము, వదిలిన టైము, త్రూ వెళ్ళిన టైము మనిషి చెయ్యి పడకుండా చార్టు మీద పడతాయి. స్టేషన్ల మధ్యలో కూడా 30 సెకన్లకోసారి బండి ఎక్కడుందో తెలుస్తుంది. 2022 నాటికి మొదటి విడతలో 2,700 ఇంజన్లకి అమర్చారు. సెక్షన్ మధ్యలో బండి వేగం పడిపోతే మాష్టారు చెప్పేదాకా కాచుకోకుండా ముందే పసిగట్టవచ్చు. ఈ పరికరం లేని ఇంజన్ వచ్చినప్పుడు మాత్రం మళ్ళీ ఫోను, మళ్ళీ చెయ్యి.

ఇక సిబ్బంది సంగతి. ఇది నాకు మనసుకి దగ్గరి విషయం. పెన్సిల్ రోజుల్లో ఒక గూడ్సుని ఓ చిన్న స్టేషన్లో పక్కకి పెట్టి, ఒకటి తర్వాత ఒకటి ఎక్స్‌ప్రెస్‌లు వదిలాను. దారి ఇచ్చేసరికి మాష్టారు లైన్లోకి వచ్చి, "సార్, డ్రైవర్ గారు టైము అయిపోయిందంటున్నారు, రిలీఫ్ కావాలట" అన్నారు. తప్పు పూర్తిగా నాది. ఆయన ఎన్నింటికి సైన్ ఆన్ అయ్యారో (డ్యూటీ ఎక్కారో) నేను అడగనే లేదు. రిలీఫ్ క్రూ వచ్చేసరికి తెల్లారింది. ఆ రేకు రాత్రంతా లూపుని పట్టుకుని కూర్చుంది. ఆ పెద్దాయన ముందు రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాతో ఇల్లు వదిలిన మనిషి. ఆ రాత్రి ఆయనేం తిన్నారో ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

ఇప్పుడు లోకో పైలట్లకి సీఎంఎస్ అనే డ్యూటీల సాఫ్ట్‌వేర్ ఉంది. లాబీలో మెషీన్ దగ్గర సైన్ ఆన్, ఊపిరి పరీక్ష, దిగాక సైన్ ఆఫ్, విశ్రాంతి ఎంత దొరికిందన్న లెక్క, అన్నీ అందులో నమోదవుతాయి. రన్నింగ్ డ్యూటీ మామూలుగా 9 గంటలు మించకూడదు, రెండు వారాలకి కలిపి 104 గంటలు అన్న లెక్కలు అక్కడ పక్కాగా ఉంటాయి. గూడ్సు రేకుల్లో ఏముందో, ఎక్కడికో ఫోయిస్ అనే గూడ్సు సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. పాసింజర్ బోగీల లెక్క ఐసీఎంఎస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌ది. దారి ఎక్కడ ఖాళీయో సీఓఏకి తెలుసు. వీటి మధ్య సమాచారం అటూ ఇటూ నడుస్తుంది, మంచిదే. కానీ నేను కూర్చున్న రోజుల్లో గూడ్సుని ఇంకో అరగంట ఆపాలా వద్దా అని తేల్చేటప్పుడు క్రూ కంట్రోలర్‌ని ఒక మాట, ఇంజన్లు చూసే పవర్ కంట్రోలర్‌ని ఒక మాట అడిగి, మూడూ కలిపి చూసుకునేది నేనే. నేను కోరేది ఒక్కటి: గూడ్సు గీత మీదే క్రూ సైన్ ఆన్ అయిన టైము కనపడాలి, ఎనిమిదో గంట దాటగానే గీత రంగు మారాలి. ఐదుకి నాలుగు మార్కులు వేస్తున్నాను. ఐదోది ఆ రంగు కోసం అట్టిపెట్టాను.

ట్రాక్ పనుల బ్లాకులదీ ఇదే కథ. ఏడాది ముందు నుంచే పనులు ప్లాన్ చేసుకునే రోలింగ్ బ్లాక్ పద్ధతిని 2023లో నియమాల్లో చేర్చారు. అది నిలబడాలంటే ఆ బ్లాకు పెడితే ఏ బండి ఎంత వెనకపడుతుందో ముందే తెర మీద వేసి చూసుకోవాలి. ఫ్రాన్స్‌లో రైలు పట్టాలు చూసే ఎస్‌ఎన్‌సీఎఫ్ రెజో వాళ్ళు మొదలుపెట్టిన ఓఎస్‌ఆర్‌డీ అనే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. కోడ్ అందరికీ తెరిచి పెట్టారు. చివరి నిమిషంలో వచ్చిన బండికి మిగతావాటిని కదపకుండా ఖాళీ దారి వెతికిపెట్టడం దాని పనుల్లో ఒకటి. మాకు రోజూ కావలసింది అలాంటిదే. బొగ్గు రేకు ఎప్పుడూ టైంటేబుల్ చూసుకుని రాదు.

కొత్తగా బోర్డు ఎక్కే పిల్లలకి నాదొక సలహా. తెర ముందు కూర్చునే ముందు ఒక వారం మీ సెక్షన్ చార్టు కాగితం మీద గీయండి. ఏ రెండు స్టేషన్ల మధ్య లోడు బండి నీరసపడుతుందో, ఏ లూపులో నిండు రేకు పట్టదో చేతికి ఎక్కుతుంది. అప్పుడు తెర మీద ముందుగీత మరీ నిటారుగా కనిపిస్తే, ఆ మాష్టారికి ఫోన్ చేసి అక్కడ కాషన్ ఏమైనా ఉందేమో కనుక్కుంటారు.