మెడ ఆపరేషన్‌కి సెకండ్ ఒపీనియన్: మా ఇంట్లో రెండుసార్లు వాడి చూశాక

సెకండ్ ఒపీనియన్ అనగానే ఆపరేషన్ వద్దనే డాక్టరు దొరికేదాకా తిరగడం అనుకుంటారు చాలామంది. మా ఇంట్లో అది నాకు ఆపరేషన్ తప్పించింది, మా అత్తయ్యకి తొందరగా చేయించింది. రెండూ జరిగి ఏళ్లు గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

నాకు మెడలో మొదలైన నొప్పి ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు దాకా జివ్వుమని లాగేది. చెయ్యి ఎత్తి తల మీద పెట్టుకుంటేనే కాస్త కునుకు పట్టేది. ఎమ్మారైలో సీ5-సీ6 డిస్క్ (మెడలో ఐదో, ఆరో ఎముకల మధ్య ఉండే మెత్తటి బిళ్ల) నరాన్ని నొక్కుతోందని వచ్చింది. మొదట వెళ్లిన కార్పొరేట్ ఆస్పత్రిలో డాక్టరు ఫిల్ము చూశాడే గానీ నా చెయ్యి ముట్టుకోలేదు. డిస్క్ తీసేసి ప్లేటు, స్క్రూలు వెయ్యాలి, ఈ వారమే చేరిపొమ్మన్నాడు. నేను బయటికొచ్చేసరికి ప్యాకేజీ ఎస్టిమేట్ కాయితం రెడీ!

రెండో ఆయన, వేరే ఆస్పత్రి న్యూరోసర్జన్, రిపోర్టు పక్కన పెట్టేశాడు. సుత్తితో మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర తట్టాడు, సూదితో గుచ్చి స్పర్శ చూశాడు, అడుగులో అడుగేసి తిన్నగా నడవమన్నాడు. "బలం తగ్గలేదు, వెన్నుపాము మీద ఒత్తిడి లేదు, నొక్కుకుంటోంది నరం ఒక్కటే. ఇలాంటివి ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతాయి. చెయ్యి బలం తగ్గితే మాత్రం ఆగకుండా వచ్చెయ్యండి" అన్నాడు. మందులు, ఫిజియోథెరపీతో తగ్గడానికి నెలలు పట్టింది. అన్నాళ్లూ ఓపిక పట్టడం తేలికేం కాదు.

రిపోర్టులో 'బల్జ్' (డిస్క్ ఉబ్బి బయటికి రావడం) అని కనబడితే కంగారు పడేవాళ్ల కోసం ఒక మాట. జపాన్‌లో ఏ మెడ బాధా లేని 1211 మందికి ఎమ్మారై తీస్తే 87.6 శాతం మందిలో డిస్క్ బల్జ్ కనబడిందని 2015లో అచ్చయిన అధ్యయనం చెబుతోంది. ఫిల్ము ఒక్కటే చూసి కోతకి ముహూర్తం పెట్టే డాక్టరంటే నాకు అందుకే గురి లేదు.

అత్తయ్యది పూర్తిగా వేరే కథ. నొప్పి పెద్దగా లేదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయేది, అన్నం కలుపుతుంటే వేళ్లు మాట వినేవి కావు. షుగర్ తిమ్మిర్లు, వయసు అరుగుదల అని ఒకచోట మెడపట్టీ ఇచ్చి పంపేశారు. నన్ను చూసిన ఆయన దగ్గరికే తీసుకెళ్లాం. "అమ్మా, నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినట్టు తెలుస్తోందా?" అనడిగాడు. తెలియట్లేదంది. మధ్యవేలి గోరు చిటుక్కుమనిపిస్తే బొటనవేలు దానంతటదే ముడుచుకుంది. పది సెకన్లలో మామూలు వాళ్లు ఇరవైసార్లకి పైగా పిడికిలి మూసి తెరుస్తారట, ఆవిడ సగం కూడా చెయ్యలేకపోయింది. వెన్నుపామే నలుగుతోందని, దీన్ని మైలోపతి అంటారని చెప్పాడు. ఆపరేషన్ ముఖ్యంగా ఇంకా దిగజారకుండా ఆపడానికే, పోయిన పట్టంతా తిరిగొస్తుందని మాటివ్వలేనని ముందే తేల్చేశాడు. చేయించాం. నడక కుదుటపడింది, వేళ్ల మొద్దుతనం కొంత మిగిలింది.

ఆన్‌లైన్ సెకండ్ ఒపీనియన్ కూడా డబ్బు కట్టి చూశాను. స్కాన్ చదివి రాసిచ్చింది బాగానే ఉంది. కానీ ఫోన్‌లోంచి సుత్తితో కొట్టి చూడలేరు కదా. అత్తయ్య లాంటి కేసుకి అది చాలదు.

వెళ్లేటప్పుడు ఫిల్ములతో పాటు ఎమ్మారై సీడీ కూడా పట్టుకెళ్లండి. మొదటి డాక్టరు ఏమన్నాడో పరీక్ష అయ్యేదాకా చెప్పకండి. కాళ్లు ఉన్నట్టుండి పట్టు తప్పినా, మూత్రం రాకుండా ఆగిపోయినా రెండో అభిప్రాయాల జోలికి పోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే. రికార్డులివ్వడానికి ఆస్పత్రివాళ్లు నసిగితే రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. నాకు సీడీ ఆ మాట ఎత్తాకే చేతికొచ్చింది.