విప్పితే మళ్లీ గుడ్డ కావాలి: ఐరోపా పాతకాలపు గౌనుల్లో ఏది మేలు?

పాతకాలపు ఐరోపా గౌను ఒకటి కుట్టుకోవాలని ఉంది, ఏ కాలానిది మొదలుపెట్టమంటారని నెలకు ఇద్దరు ముగ్గురైనా అడుగుతున్నారు. నాటకాలకు దుస్తులు కుట్టడం నా పని కాబట్టి అడుగుతారు. చాలామంది మనసులో అప్పటికే రెండు బొమ్మలు ఉంటాయి. ఒకటి రొమ్ము కిందనే నడుము గీత పెట్టి, అక్కడి నుంచి నేరుగా జారే తెల్లని మస్లిన్ గౌను. రెండోది గంటలా విచ్చుకుని గుమ్మం నిండిపోయే క్రినొలిన్. ఈ రెండింటిలో ఏది మేలని అడిగినవాళ్లకు నేను మూడోదాని పేరు చెబుతుంటాను. అది 18వ శతాబ్దపు ఇంగ్లిష్ గౌను. ఎందుకో ప్రతివారికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకసారి రాస్తున్నాను.

అందం విషయంలో ఎవరి కన్ను వారిది. సుఖం విషయంలో కూడా మనం అనుకునేంత తేడా లేదు. ఏ కాలపు బిగుతుకు ఆ కాలపు వెసులుబాటు ఉంది. నాకు తీర్పు చెప్పేది ఒక్కటే: ఆ దుస్తు విప్పితే మళ్లీ గుడ్డ చేతికి వస్తుందా? చీరల ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది వింత ప్రశ్న కాదు. అమ్మ పట్టుచీర కూతురికి పరికిణీ అవుతుంది, పరికిణీ చిరిగితే అంచు మరో లంగాకు ఎక్కుతుంది. 18వ శతాబ్దపు ఐరోపాలోనూ బట్టే ఆస్తి. పట్టు ఖరీదు ముందు కుట్టుకూలి చాలా చిన్నది. బార్బరా జాన్సన్ అనే ఇంగ్లండు మతగురువు కూతురు 1746 నుంచి 1823 దాకా తాను కొన్న బట్టల ముక్కలను ఒక పుస్తకంలో అతికించి, ఏది ఎన్ని గజాలు, గజం ఎంత అని పక్కన రాసుకుంది. ఆ పుస్తకం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఒక మనిషి డెబ్బై ఏడేళ్లపాటు గుడ్డ ముక్కల లెక్క రాసుకుందంటే, ఆ కాలంలో గజం బట్టకు ఉన్న విలువ ఎంతో తెలుస్తుంది.

ఆ విలువ ఎరిగిన చేతులే ఆ గౌనును రూపొందించాయి. 1675లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ పారిస్‌లో స్త్రీల దుస్తులు కుట్టే స్త్రీలు తమ సొంత సంఘం పెట్టుకోవడానికి అనుమతించాడు. అప్పటిదాకా అది మగ దర్జీల హక్కు. దర్జీ పద్ధతి ముక్కలు కోసి అతకడం. ఈ స్త్రీల పద్ధతి వేరు. ముందు లైనింగును మనిషి ఒంటి మీదే గుండుసూదులతో బిగించి సరిచూసేవారు. దాని మీద పట్టును పరిచి, ఎక్కువైన చోట కత్తెర పెట్టకుండా కుచ్చిళ్లుగా మడిచేవారు. ఫ్రాన్సులోని లియోన్‌లోనూ లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లోనూ నేసిన పూలపట్టు పన్నా అర మీటరుకు కాస్త అటూ ఇటూ ఉండేది. ఆ పన్నాలను అంచుకు అంచు చేర్చి, పెద్ద పెద్ద కుట్లతో తేలిగ్గా కలిపేవారు. ఇప్పటి కుట్టుమిషను కళ్లతో చూస్తే అది అజాగ్రత్త పనిలా కనిపిస్తుంది. నిజానికి రేపు విప్పాల్సి వస్తుందని తెలిసి, బట్టకు గాయం కాకుండా వేసిన కుట్టు అది.

ఇందులో రెండు రకాలున్నాయి. ఫ్రెంచి గౌనుకు మెడ వెనక నుంచి రెండు వెడల్పాటి మడతలు నేల దాకా విడిగా జారుతాయి. ఇంగ్లిష్ గౌనులో అవే మడతలను నడుము దాకా ఒంటికి అణిచి కుట్టి, అక్కడి నుంచి పావడాలోకి వదిలేస్తారు. మేలైన ఇంగ్లిష్ గౌనులో వీపు మధ్య ముక్క మెడ నుంచి పాదం దాకా ఒకటే గుడ్డ. నడుము దగ్గర కోత ఉండదు. వీపంతా పొందికగా ఉన్నా బట్ట నిండుగా మిగిలే ఉంటుంది. ఈ నేర్పు చూసినప్పుడల్లా, చీర కుచ్చిళ్లు పోసుకునే చేతికి ఇది ఇట్టే అర్థమవుతుందని నాకు అనిపిస్తుంది. మ్యూజియాల్లో ఉన్న గౌనుల్లో 1740ల నాటి పట్టును 1780ల మోస్తరుకు మార్చి కుట్టినవి, మరో అరవై ఏళ్లకు 1840ల గౌనుగా మార్చినవి కూడా కనిపిస్తాయి. పాత మడతల గీతలు, పాత సూది రంధ్రాలు వాటి మీద ఇంకా ఉన్నాయి. నాయనమ్మ పట్టును మనవరాలు వేసుకుందన్నమాట.

లోపల వేసుకునే నారబట్ట షిఫ్టును ఉతికేవారు, పైన పట్టును ఉతికేవారు కాదు. ఒంటి చెమట అంతా లోపలి బట్టదే. పావడాకు ముందూ వెనకా రెండు జతల బొందులు ఉంటాయి. ఒళ్లు చేసినా, గర్భం వచ్చినా బొందు వదులు చేసుకుంటే సరిపోతుంది. పక్కల ఉన్న చీలికల్లోంచి చెయ్యి పెడితే నడుముకు కట్టుకున్న జేబులు అందుతాయి. ఆ జేబులు ఎంత పెద్దవంటే తాళాలు, కత్తెర, సూదుల పెట్టె, తినడానికి ఏదైనా కూడా పట్టేవి. తిమింగలం ఈనెలు పెట్టి కుట్టిన బిగుతు రవిక ఒక్కటే ఇందులో నాకు నచ్చని భాగం. అదీ నడుము నలిపేది కాదు, వీపును నిటారుగా నిలిపేది. పొలం పనులు చేసే స్త్రీలూ అలాంటివి వేసుకుని వంగి లేచి పనిచేశారు.

ఈ గౌను మీద నా ఇష్టానికి మరో కారణం ఉంది, దాన్ని దాచలేను. పట్టు కొనలేనివారికీ, కొనగలిగి ఉతికే బట్ట కావాలనుకున్నవారికీ ఆ శతాబ్దపు కల కోరమాండల్ తీరపు చింట్జ్ అనే అద్దకపు నూలు బట్ట. మన పెద్దవాళ్లు చీటిగుడ్డ అన్నది అదే. ఇంగ్లిష్ కంపెనీ మచిలీపట్నంలో 1611లోనే గిడ్డంగి తెరిచింది. డచ్చివాళ్లు అంతకుముందే వచ్చారు. కరక్కాయ పట్టించి, పటికతో గీసి, చిరివేరులో ఉడికించి తెచ్చిన ఎరుపు ఎన్ని ఉతుకులకైనా నిలిచేది. నీలి ముంచేటప్పుడు రంగు అంటకూడని చోట మైనం పూసేవారు. ఐరోపా అద్దకపువాళ్లకు అలా నిలిచే రంగు చాలాకాలం చేతకాలేదు. వాళ్ల నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో ఈ బట్టలను నిషేధించి 1759 దాకా ఎత్తివేయలేదు. లండన్‌లో 1719లో నేతగాళ్లు వీధుల్లో అద్దకపు గౌనులు వేసుకున్న ఆడవాళ్ల మీద పడి గుడ్డలు చింపేశారు. 1721లో ఇంగ్లండు పార్లమెంటు అద్దకపు నూలు బట్టలు ధరించడాన్నే నేరం చేసింది. 1774లో గానీ స్వదేశంలో తయారైన వాటికి విముక్తి రాలేదు. నిషేధం లేని హాలెండులో మాత్రం పల్లెల దాకా ఈ బట్ట చేరింది. అక్కడ దాన్ని సిట్స్ అంటారు. ఒక బట్ట కోసం చట్టాలు, అల్లర్లు, దొంగరవాణా జరిగాయంటే దాన్ని ఒంటి మీద వేసుకోవాలన్న కోరిక ఎంత బలమైనదో ఊహించండి. ఆ గౌను గురించి మాట్లాడేటప్పుడు కృష్ణా తీరపు అద్దకంవాళ్ల పేరు ఎవరూ ఎత్తకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

ఇక మస్లిన్ గౌను. 1783లో చిత్రకారిణి విజే లెబ్రన్ గీసిన చిత్రంలో ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ తెల్లని మస్లిన్ గౌనులో కనిపించేసరికి, రాణి లోదుస్తుల్లో ఉందని గొడవ లేచి, ప్రదర్శన నుంచి ఆ చిత్రాన్ని తీసేశారు. పదిహేనేళ్లు తిరక్కుండానే పారిస్ ఆడవాళ్లందరూ దాదాపు అవే వేసుకున్నారు. ఢాకా మస్లిన్, కశ్మీరు శాలువ, నడినెత్తిన ముడి. కుట్టడానికి ఇది అన్నిటికంటే తేలిక. మెడకు ఒక బొందు, రొమ్ము కింద ఒక బొందు, కిందికి మూడు నాలుగు పన్నాలు. సులువుగా ఉతుక్కోవచ్చు. కుట్టు కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇదే మంచిదని నేనూ ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్నకు ఇది నిలబడదు. అంత పలుచని నూలు కొన్నేళ్ల వాడకానికే అరిగిపోతుంది. విప్పితే చేతికి వచ్చేది తక్కువ గుడ్డ, అందులో బలం ఉన్నది ఇంకా తక్కువ. జేబులు కూడా పోయాయి. గౌను ఒంటికి అంటుకుంటుంది కాబట్టి లోపల ఏది కట్టుకున్నా ఎత్తుగా కనబడుతుంది. అందుకని స్త్రీలు చేత పట్టుకునే చిన్న సంచి మొదలైంది. రెండు చేతుల నిండా పట్టే జేబుల నుంచి జేబురుమాలు మాత్రం పట్టే సంచికి దిగడం లాభమని నేను అనుకోను. చలిదేశంలో ఈ బట్టతో బతకాలంటే పైన పొట్టి కోటో పొడుగు కోటో ఎలాగూ తప్పేది కాదు.

క్రినొలిన్ గురించి నా అభిప్రాయం మారింది. మొదట్లో నాకు అది ఒక పంజరం. తర్వాత తెలిసిందేమిటంటే, 1856లో ఉక్కు కమ్మీల చట్రానికి పేటెంటు రాకముందు ఆ ఉబ్బు కోసం ఆరేడు లంగాలు ఒకదాని మీద ఒకటి వేసుకునేవారు. వాటిలో గుర్రపు వెంట్రుకలతో నేసినవీ ఉండేవి. చట్రం వచ్చాక ఆ బరువంతా పోయింది, కాళ్లు ఆడించుకోవడానికి చోటు దొరికింది. పైగా 1850ల పావడాలు ఇంకా తిన్నని పన్నాలే. విప్పితే నిక్షేపంలా గుడ్డ వస్తుంది. ఒకే పావడాకు పగటికి ఒకటి, రాత్రి విందుకు ఒకటి రెండు రవికలు కుట్టించుకునేవారు. ఈ తెలివి నాకు చాలా నచ్చుతుంది. 1860ల మధ్య నుంచి పావడాను పైన సన్నగా, కింద వెడల్పుగా ఏటవాలు ముక్కలుగా కోయడం మొదలుపెట్టారు. కుట్టుమిషను అప్పటికే ఇళ్లలోకి వస్తోంది. బిగుతైన సన్నని మిషను కుట్టు, ఏటవాలు కోత కలిశాక గుడ్డ ఇక గుడ్డగా తిరిగి రాలేదు.

అన్నిటికంటే భయంకరమైనది నిప్పు. అంత వెడల్పు పావడా పొయ్యికి ఎంత దూరంలో ఉందో వేసుకున్న మనిషికి తెలియదు. అంటుకుంటే లోపలి ఖాళీలో గాలి మంటను ఎగదోస్తుంది. 1863 డిసెంబరు 8న చిలీ రాజధాని శాంటియాగోలో ఒక చర్చి తగలబడి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు స్త్రీలే. ఆ వెడల్పు పావడాలతో ద్వారాల దగ్గర ఇరుక్కుపోయారు. ఇది చదివిన తర్వాత, దీపాలూ కొవ్వొత్తులూ వెలిగే నాటకానికి క్రినొలిన్ కుట్టమంటే నేను ఒప్పుకోవడం మానేశాను.

దాని తర్వాత వచ్చిన, వెనక గుట్టలా పెట్టుకునే బసిల్ గురించి ఎక్కువ చెప్పను. కుచ్చులు, రిబ్బన్లు, లెక్కలేనన్ని ముక్కలు. విప్పితే మిగిలేది పీలికలు. ఆ బరువు ఎంత విసుగు తెప్పించిందంటే, 1881లో లండన్‌లో మొదలైన రేషనల్ డ్రెస్ సొసైటీ లోదుస్తులన్నీ కలిపి ఏడు పౌండ్ల బరువు మించకూడదని చెప్పాల్సి వచ్చింది. 16వ శతాబ్దపు స్పెయిన్ కమ్మీల పావడా, గంజి పెట్టిన చక్రాల్లాంటి మెడపట్టీలు చూడటానికి గొప్పవి. వాటిని కట్టాలంటే ఒకరు పక్కన ఉండాలి, గంజి ఇస్త్రీకి మరొకరు ఉండాలి.

మగవాళ్ల దుస్తుల గురించి అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లు మాత్రం కసీదా పట్టుకోటు మేలా, 1800ల మొదట్లో లండన్ షోకిల్లాగా పేరుపడ్డ బ్రమ్మెల్ ముదురు నీలి కోటు మేలా అని అడుగుతారు. పట్టుకోటు పూలపని ముందే గుడ్డ మీద కోటు ఆకారంలో కుట్టి, తర్వాత కోసేవారు. చూపు తిప్పుకోనివ్వని పని. అయితే పూలు ఎక్కడ పడాలో ముందే నిర్ణయమైపోతుంది కాబట్టి కొలత మార్చడం కష్టం. జుట్టుకు పౌడరు కూడా కావాలి. ఇంగ్లండులో 1795లో పౌడరు మీద ఏడాదికి ఒక గినీ పన్ను వేశారు. బ్రమ్మెల్ కోటు అందం ఉన్నిని ఆవిరితో, ఇస్త్రీతో ఒంటికి తగ్గట్టు మలచడంలో ఉంది. అదొక గొప్ప విద్య, ఇంచి టేపు వాడకం స్థిరపడిన కాలం కూడా దాదాపు అదే. అయితే ఆ కోటు ఒక్క మనిషికే కోటు.

నన్ను ఎంచుకోమంటే ఈ రెండూ కాక, ఇంట్లో వేసుకునే బన్యన్ అంటాను. తిన్నని ముక్కలు, వదులు చేతులు, చాలాసార్లు చీటిగుడ్డతోనే కుట్టేవారు. లండన్ డైరీ రచయిత సామ్యుయెల్ పెపిస్ 1666లో తన చిత్రం గీయించుకోవడానికి ఇలాంటి ఇండియా గౌను ఒకటి అద్దెకు తెచ్చుకున్నాడు. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఇప్పటికీ దాంట్లోనే కూర్చుని ఉంటాడు. గుజరాతీ వర్తకుల పేరు మీద వచ్చిన ఆ మాటే తిరిగి తిరిగి మన ఇళ్లలో బనియను అయింది.

ఈ మధ్య ఒక కళాశాల నాటకానికి ఇంగ్లిష్ గౌను కుట్టాల్సి వచ్చినప్పుడు పెడన కలంకారి ఎనిమిది మీటర్లు తెచ్చాను. ఇప్పటి 44 అంగుళాల పన్నా అప్పటి రెండు పన్నాలకు సమానం. అందుకని చీల్చకుండా మధ్యలో సన్నని మడత వేసి అతుకులా కనబడేట్టు చేశాను. అన్నీ చేతికుట్లే, అన్నీ పెద్దవే. రెండు ప్రదర్శనలు అయ్యాక గత వారం కూర్చుని విప్పాను. రెండు సాయంత్రాలు పట్టింది. చేతులు, భుజం పట్టీలు, నడుము దగ్గర వాలుగా కోసిన కొన్ని ముక్కలు పక్కన పెట్టాక ఆరున్నర మీటర్ల తిన్నని గుడ్డ మిగిలింది. ఉతికి ఆరేశాను, మడతల గీతలు ఇంకా పూర్తిగా పోలేదు. మా అక్క కూతురు లంగాకు నాలుగు మీటర్లు చాలట.