మాట తేడాగా ఉంటే ఎవరిని నమ్మాలి? ఇంటి మనిషి చెవి, ఊదే మిషను, ఫోన్‌లోని లెక్క: ఏది మేలు?

"ఏమే అనకుండా పేరు పెట్టి పిలిచినాడు మేడం. అప్పుడే అనుకున్నా, మళ్ళీ మొదలుపెట్టినాడని."

హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు కె.ఆర్. పురంలో కాపురముంటున్న ఒకావిడ మాట ఇది. భర్త ఆటో నడుపుతాడు. మా డీఅడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికి వెళ్ళి 40 రోజులైంది. 15 ఏళ్ళ కాపురంలో ఆయన ఆమెను పేరుతో పిలిచింది మందు లోపలికి వెళ్ళినప్పుడేనట. వాసన అక్కర్లేదు, ఫోన్‌లో ఆ ఒక్క పిలుపు చాలు. మర్నాడు పొద్దున ఆయన్ను తీసుకొచ్చింది. బ్రెత్ అనలైజర్‌లో ఊదిస్తే ఆమె మాటే నిజమైంది.

మా దగ్గర ఈమధ్య ఒక చర్చ నడుస్తోంది. పేషెంట్ ఫోన్‌లో మాట్లాడితే చాలు, తాగాడా, కుంగుబాటులోకి జారుతున్నాడా అన్నది కంప్యూటర్ గొంతును బట్టి చెప్పేస్తుందట. అది తెచ్చుకుందామా? లేక ఇప్పుడున్న ఊదే మిషను, ఇంటివాళ్ళ చెవి, మా ఫాలో అప్ ఫోన్లు చాలా? ఇక్కడ తెలుగు పేషెంట్లతో మాట్లాడే పని నాది. నాకు తోచింది రాస్తున్నాను.

ఊదే మిషనుతో పేచీ ఉండదు. మన మోటారు వాహనాల చట్టంలో డ్రైవింగ్‌కు పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. అంకె కనబడ్డాక వాదన ఉండదు. కానీ అది చెప్పేది ఆ పూట సంగతే. రాత్రి కాస్త తాగి మర్నాడు మధ్యాహ్నం వస్తే సున్నా చూపించవచ్చు. గంజాయి, నిద్రమాత్రలు దానికి తెలియవు. వచ్చే వారం ఏమవుతుందో అసలే తెలియదు.

అయినా దాన్ని నేను తక్కువ చేయను. కారణముంది. కొన్నేళ్ళ క్రితం ఒక సాయంత్రం ఒక పాత పేషెంట్‌కు ఫోన్ చేశాను. మాట ముద్దముద్దగా వస్తోంది, అడిగిందానికి కాకుండా వేరేదానికి జవాబిస్తున్నాడు. "తాగల్యా అక్కా, సత్తెంగా" అన్నాడు. నేను నమ్మలేదు. పడుకోనివ్వమని, పొద్దున మాట్లాడదామని వాళ్ళమ్మకు చెప్పి పెట్టేశాను. అతను నిజంగానే తాగలేదు. రెండు రోజుల ముందు బాత్‌రూమ్‌లో జారిపడితే తలలో రక్తం గడ్డకట్టింది. మర్నాడు స్కాన్‌లో బయటపడింది, ఆపరేషన్ చేశారు, బతికాడు. ఆ సాయంత్రం ఎవరైనా ఊదించి ఉంటే సున్నా వచ్చేది. సున్నా వస్తే పరుగెత్తేవాళ్ళం. గొంతు వినే కంప్యూటర్ ఉండి ఉంటే, నాలాగే అదీ తాగాడనే చెప్పేదని నా భయం.

ఈ గొంతు విద్య కొత్తదేమీ కాదు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు ఓడ రాళ్ళకెక్కింది. కెప్టెన్ తాగి ఉన్నాడా అని తేల్చడానికి ఇండియానా యూనివర్సిటీ ధ్వనిశాస్త్రవేత్తలు అతని రేడియో మాటల రికార్డింగులు విన్నారు. ప్రమాదానికి ముందురోజు మాట ఎలా ఉంది, ప్రమాదం దగ్గర ఎలా ఉందని పోల్చారు. మాట నెమ్మదించింది, 'స' కాస్తా 'ష' వైపు జారింది. అయినా తాగి ఓడ నడిపాడన్న నేరం కోర్టులో నిలవలేదు. 2023లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్ బ్రయన్ సఫొలెటో బృందం 18 మందికి ల్యాబ్‌లో మందు ఇచ్చి, నాలుక తిరగని వాక్యాలు చదివించింది. కంప్యూటర్ 98 శాతం సరిగ్గా పట్టింది. అంకె గొప్పదే. కాకపోతే అక్కడ ప్రతి మనిషి తాగకముందు గొంతు చేతిలో ఉంది. మా దగ్గరికి వచ్చేవాడి మామూలు గొంతు మాకు మూడు వారాల తర్వాత గానీ వినబడదు. ఈలోపు వణుకు తగ్గడానికి ఇచ్చిన లొరజెపామ్ వల్ల మాట మత్తుగా ఉంటుంది, ముందు పళ్ళు రెండు ఉండవు, దవడలో గుట్కా ఉంటుంది. ఆ 15 ఏళ్ళ మామూలు గొంతు ఉన్నది భార్య చెవిలోనే.

గొంతును పక్కనపెట్టి మాటల్ని లెక్కపెట్టే పద్ధతి ఇంకోటుంది. నాకు ఆసక్తి కలిగించింది అదే. 2014లో గిలిండర్ బేడి అనే పరిశోధకురాలి బృందం 13 మంది మీద ఒక పరిశోధన అచ్చు వేసింది. ఎమ్‌డీఎమ్‌ఏ అనే మత్తుమందు తీసుకున్నప్పుడు వాళ్ళ మాటలు స్నేహం, ఆసరా, దగ్గరితనం అనే అర్థాల వైపు జరిగాయని కంప్యూటర్ చూపించింది. చదివినప్పుడు నాకు ఆ ఆటో ఆయన భార్య గుర్తొచ్చింది. ఆమె పట్టుకున్నదీ అదే కదా, దగ్గరితనం! 2015లో అదే బృందం మతిభ్రమణ లక్షణాల అంచున ఉన్న 34 మంది యువకుల ఇంటర్వ్యూలు తీసుకుంది. ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి అర్థం ఎంత తెగుతోందో కొలిచి, తర్వాత జబ్బు పడిన ఐదుగురినీ తప్పు లేకుండా విడదీసింది. ఐదుగురే, అది మరిచిపోకూడదు.

పైగా అవన్నీ ఇంగ్లీషు మాటలు. ఇంగ్లీషులో విడివిడిగా లెక్కపెట్టే చిన్న పదాలు మనకు క్రియలోనే కలిసిపోతాయి. మదనపల్లె కుర్రాడొకడు నాతో "నన్ను కొడతారంట" అన్నాడు. ఎవరన్నారని అడిగితే గోడ వైపు చూశాడు. జబ్బంతా ఆ 'అంట'లోనే ఉంది. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చి మిషనుకిస్తే 'వాళ్ళు నన్ను కొడతారు' అని మిగిలే ప్రమాదం ఉంది. భయం కనబడుతుంది గానీ, అతనికి వినబడిన గొంతు మాయమైపోతుంది. ఇక బెంగళూరు తెలుగు సంగతి చెప్పాలా? కష్టం తెలుగులో, తిట్టు కన్నడలో, మాత్ర పేరు ఇంగ్లీషులో. భాష మారడాన్ని మతి మారడంగా లెక్కేస్తే ఎవరు జవాబుదారీ?

ఇంటి చెవికీ లోపాలు లేకపోలేదు. భయపడిన చెవికి జలుబు గొంతు కూడా తాగిన గొంతులాగే వినబడుతుంది. "మళ్ళీ తాగొచ్చావు కదా" అన్న నింద మీద గొడవై, ఆ కోపంలో నిజంగానే క్వార్టర్ కొన్నవాళ్ళను చూశాను. పీజీలో ఒంటరిగా ఉండేవాడికి ఆ చెవి కూడా లేదు. మద్యం సమస్య ఉన్న నూరు మందిలో 86 మంది వైద్యం దాకా రావడం లేదని బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వే చెప్పింది. అలాంటివాళ్ళకు 14416 నంబరుతో టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. ఫోన్ యాప్ కూడా, తనంతట తానే అడిగి పెట్టించుకుంటే, ఫలితం తన ఫోన్ దాటి పోకపోతే, నేను అడ్డు చెప్పను. క్యాబ్ కంపెనీకో ఆఫీసు హెచ్‌ఆర్‌కో ఆ స్కోరు వెళ్తుందంటే మాత్రం ఒప్పుకోను. 2017 మానసిక ఆరోగ్య చట్టం పేషెంట్ గోప్యతను హక్కుగా ఇచ్చింది.

కాబట్టి మీటింగ్‌లో నేను చెప్పింది ఇది. ఈ పూట తాగాడా అన్నదానికి ఊదే మిషను. జారుతున్నాడా అన్నదానికి ఇంటి మనిషి, మా ఫోను. కంప్యూటర్‌ను తేవాలంటే ముందు మా కౌన్సెలర్ల మాటల మీద పెట్టండి. 2015లో అమెరికాలో మత్తు కౌన్సెలింగ్ రికార్డింగులను మిషనుకిచ్చి, కౌన్సెలర్ ఎంత సానుభూతితో విన్నాడో కొలిపించారు. మనుషులు వేసిన మార్కులకు అది చాలావరకు దగ్గరగా వచ్చింది. ఆ బృందంలోని శ్రీకాంత్ నారాయణన్ చెన్నై గిండీ కాలేజీలో చదివినవారే. మనం అడిగే ప్రతి ప్రశ్నకు, అతను చెప్పింది మనకు అర్థమైందని చూపే మాటలు రెండైనా ఉండాలని మా శిక్షణలో చెబుతారు. అలా మాట్లాడుతున్నామో లేదో మిషనునే లెక్కపెట్టనివ్వండి. తప్పు లెక్క వచ్చినా అక్కడ నష్టపోయేది నేను, పేషెంట్ కాదు.

మిషను ఇంకా రాలేదు. ఒక పేషెంట్ అనుమతితో రికార్డు చేసిన మాటల్ని మొన్న శుక్రవారం గడియారం, కాగితం పెట్టుకుని నేనే విన్నాను. 20 నిమిషాల్లో 13 నిమిషాలు నేనే మాట్లాడాను. అతను "లేదక్కా, అది కాదు..." అని మూడుసార్లు మొదలుపెట్టాడు. మూడుసార్లూ మధ్యలో ఆపేశాడు.