కరకట్ట దారిలో సైకిలు దీపాలు: చాలాకాలం వాడిన తర్వాత సమీక్ష

విజయవాడలో పని ముగించుకుని ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కృష్ణ కరకట్ట వెంట రాత్రిపూట ఇంటికి సైకిలు తొక్కే నాకు, బ్యారేజీ మీద ఉన్నంతసేపు దీపం నేను ఇతరులకు కనబడటానికి కావాలి. కరకట్ట ఎక్కాక దారి నాకు కనబడటానికి కూడా కావాలి.

ముందు దీపం 400 ల్యూమెన్లది (ల్యూమెన్ అంటే వెలుగు కొలత), యూఎస్‌బీతో చార్జి అవుతుంది. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఆ అంకె కాదు. టార్చిలైటు వెలుగు గుండ్రంగా పరుచుకుని సగం చెట్లకొమ్మల పాలవుతుంది, మిగిలిన దానిలో కొంత ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. ఇరుకు కట్టమీద కళ్ళు చెదిరిన మోటారుసైకిలువాడు వచ్చేది మన మీదికే. సైకిలు దీపాలకు జర్మనీ పెట్టిన నిబంధనలకు సరిపడేలా చేసిన ఈ దీపపు వెలుగు పై అంచున కోసినట్టు ఆగిపోయి, మొత్తం రోడ్డు మీదే పడుతుంది. హ్యాండిలు మీద కాక ముందు ఫోర్కుకు బిగించాక గుంతల నీడలు పొడవుగా సాగి ముందే తెలుస్తున్నాయి. వరికోతల కాలంలో దీపం చుట్టూ మూగే పురుగులు ముఖానికి కొట్టడం కూడా తగ్గింది.

వెనుక ఎర్రదీపానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే వెనుకనుంచి వచ్చేదాన్ని మనం చూడలేము. మిణుకుమిణుకుమనే వెలుగు దృష్టిని త్వరగా లాగుతుంది కానీ, చీకట్లో మనం ఎంత దూరంలో ఉన్నామో అంచనా వేయడం దానివల్ల కష్టమవుతుంది. అందుకే ఊళ్ళో మిణుకు, కట్టమీద నిలకడ వెలుగు వాడుతున్నాను. సీటు కింద బిగిస్తే వానకోటు అంచు కప్పేస్తుంది గనుక క్యారియరు చివరకు మార్చాను. పెడళ్ళకున్న రిఫ్లెక్టర్లను మాత్రం పీకేయకండి: బ్యాటరీతో పనిలేదు, పైకీ కిందికీ కదిలే ఆ మెరుపును చూడగానే అది సైకిలని ఎవరికైనా తెలుస్తుంది.

దీపం నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్. ఐపీఎక్స్4 అంటే చిందే నీటిని తట్టుకుంటుందని మాత్రమే అర్థం. తుపాను ముసురులో తిరిగేవారు ఐపీఎక్స్6 చూసుకోవడం మేలు. చార్జింగు రంధ్రం మీది రబ్బరుమూత వదులైతే ఏ అంకే కాపాడదు. పాత డైనమోకు చార్జింగు బాధ లేదు గానీ, టైరు తడిస్తే జారేది, నెమ్మదిగా తొక్కితే వెలుగు నీరసించేది.

బ్యాటరీ మాత్రం అరిగింది. పూర్తి వెలుగులో కొత్తలో రెండు గంటలకు పైగా వచ్చేది, ఇప్పుడు గంటన్నర రావడమే కష్టం. మధ్యస్థాయి వెలుగు నా వేగానికి చాలుతుంది కాబట్టి ఇంకా నడుస్తోంది. ఇందులోని సెల్లు తీసి మార్చుకునే వీలు లేదు. మళ్ళీ కొంటే 18650 అనే సైజు లిథియం సెల్లు విడిగా పెట్టుకోగలిగినదే కొంటాను.