చేత్తో పట్టి తీసే ఫొటో: షట్టర్ స్పీడ్ ఎంత పెడితే మేలు?

ఒడిశా బరంపురంలో పెళ్లిళ్ల సీజన్ మొదలైనా, ఊరి అమ్మవారి ఠాకురాణి జాతర దగ్గరపడినా, కొత్తగా కెమెరా కొన్న తమ్ముళ్లు అడిగేది ఒకటే: "అన్నా, చేత్తో తీస్తే షేక్ అవకుండా షట్టర్ ఎంత పెట్టాలి?" పర్లాకిమిడి వాళ్లూ, రాయగడ వాళ్లూ ఇదే అడుగుతారు. షట్టర్ స్పీడ్ అంటే ఫొటో తీసేటప్పుడు షట్టర్ తెరుచుకుని ఉండే సమయం. 1/50 అంటే సెకనులో యాభయ్యో వంతు. ఆ సమయం ఎంత తక్కువైతే షట్టర్ అంత పెంచినట్టు. మన దగ్గర దీనికి మూడు జవాబులు నడుస్తున్నాయి. లెన్స్ ఎంఎంని (ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి) బట్టి లెక్క కట్టమనేది ఒకటి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఉందిగా, షట్టర్ తగ్గించి ఐఎస్‌ఓ (తక్కువ వెలుగులోనూ ఫొటోని వెలుగ్గా చూపే సెట్టింగు) కిందే ఉంచమనేది రెండోది. ఐఎస్‌ఓ ఎంతకైనా పోనీ, ముందు షట్టర్ పెంచమనేది మూడోది. నేను మూడో పక్షం. అలాగని మిగతా రెండూ తీసిపారేసేవి కావు.

ఎంఎం లెక్క ఫిల్మ్ రోజులనాటిది. 50 ఎంఎంకి కనీసం 1/50, 200 ఎంఎంకి 1/200. మనలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి క్రాప్ సెన్సర్ (ఫిల్మ్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరాలు కాబట్టి నికాన్, సోనీ అయితే 1.5తో, కెనాన్ అయితే 1.6తో గుణించాలి. అప్పుడు 50 ఎంఎంకి 1/80, 200 ఎంఎంకి 1/320 దగ్గర తేలుతుంది. ఆ రోజుల్లో చిన్న ప్రింటు చూసి బాగుందనుకునేవాళ్లం, ఇప్పుడు 24 మెగాపిక్సెల్ ఫొటోని స్క్రీన్ మీద పూర్తిగా జూమ్ చేసి చూస్తున్నాం. అందుకని ఆ లెక్కకి రెట్టింపు పెట్టుకుంటే నిశ్చింత. మొత్తానికి కొత్తవాళ్లకి నోటికి వచ్చి ఉండాల్సిన లెక్కే.

స్టెబిలైజేషన్ పద్ధతికి దాని చోటు దానికుంది. ఒక్కో స్టాప్ అంటే వెలుగు రెట్టింపో, సగమో కావడం. నాలుగు స్టాప్‌ల సాయం అంటే 1/200 కావాల్సిన చోట 1/13 సరిపోతుందని. పర్లాకిమిడి గజపతి ప్యాలెస్ గోడలు, తెల్లవారుజామున దేవమాలి కొండల వరస, ఇవి కదలవు. వీటికి ఐఎస్‌ఓ 100 పెట్టి, మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి నిదానంగా నొక్కితే ఫొటో అద్దంలా వస్తుంది. గండాహతి జలపాతం దగ్గర 1/8 పెడితే రాళ్లు స్పష్టంగా నిలిచి నీళ్లు మాత్రం పాలధారలా సాగుతాయి. అలాంటి చోట నేనూ ఇదే పద్ధతి వాడతాను.

మనం రోజూ తీసేది మాత్రం మనుషుల్ని. అసలు తేడా ఇక్కడే వస్తుంది. ఎంఎం లెక్క చూసేది మన చేతి వణుకునే, స్టెబిలైజేషన్ ఆపేదీ మన చేతి వణుకునే. ఎదుటి మనిషి కదలికను ఆ రెండూ లెక్కలోకి తీసుకోవు.

మామూలుగా నడిచే మనిషి గంటకి 5 కిలోమీటర్లు పోతాడు. అంటే సెకనుకి దాదాపు 140 సెంటీమీటర్లు. మీరు 1/60 పెడితే షట్టర్ తెరుచుకుని ఉన్న ఆ కాసేపట్లోనే 2.3 సెంటీమీటర్లు జరిగిపోతాడు. 24 మెగాపిక్సెల్ క్రాప్ కెమెరాలో ఫ్రేమ్ ఎత్తు దాదాపు 4000 పిక్సెళ్లు. మనిషి నిలువునా పట్టేలా, పైనా కిందా కాస్త వదిలి రెండు మీటర్ల మేర ఫ్రేమ్ చేశారనుకోండి. సెంటీమీటరుకి 20 పిక్సెళ్లు. అంటే మీ ముందు అడ్డంగా నడిచే మనిషి 46 పిక్సెళ్ల మేర సాగిపోతాడు. కంటిరెప్పలు, చీర అంచు ఏవీ దక్కవు. 1/250కి అది 11 పిక్సెళ్లకి దిగుతుంది, 1/1000కి మూడు దగ్గరికి వస్తుంది. ఇదంతా మీ చెయ్యి బండరాయిలా ఉన్నా జరిగేదే.

అందుకే నా అంకెలు మనిషి చేసే పనిని బట్టి ఉంటాయి. కూర్చుని మాట్లాడేవాళ్లకి 1/125. నడిచేవాళ్లకి 1/250కి తగ్గను, వీలైతే 1/500. గోపాల్‌పూర్ ఒడ్డున వల లాగే మన వాళ్లని చూడండి. దూరం నుంచి చూస్తే నెమ్మదిగా లాగుతున్నట్టే ఉంటుంది, తాడు మీద చేతులు మాత్రం చురుగ్గా మారుతుంటాయి. అక్కడ 1/500. పడవ అలని కొట్టి లేచేటప్పుడు, జాతరలో పులివేషగాడు ఎగిరేటప్పుడు 1/1000. ఎంఎం లెక్కలో వచ్చిన అంకె వీటికంటే ఎక్కువైతేనే దాన్ని తీసుకుంటాను.

"అంత పెంచితే ఐఎస్‌ఓ 6400కి పోతుంది, ఫొటో గింజలు గింజలుగా వస్తుంది కదా" అంటారు. వస్తుంది. 1/60 నుంచి 1/250కి పోతే రెండు స్టాప్‌లు, అంటే ఐఎస్‌ఓ 800 ఉన్నది 3200 అవుతుంది. ఆ గింజల్ని ఇప్పటి సాఫ్ట్‌వేర్ చాలావరకు తుడిచేస్తుంది, ఆల్బమ్ సైజు ప్రింటులో అవి కంటికి ఆనవు కూడా. చెదిరిపోయిన పెళ్లికూతురి ముఖాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు. ఐఎస్‌ఓకి భయపడి చీకటిగా తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్లో వెలుగు పెంచేవాళ్లూ ఉన్నారు. అలా చేసినా నాయిస్, అంటే ఆ గింజలు, తగ్గదు. అది పుట్టేది వెలుగు చాలకపోవడం వల్ల.

నా పద్ధతి తడబడే చోటు ఒకటుంది, అది జాతర రాత్రి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా ఎల్‌ఈడీ తోరణాలు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు. 1/500 పెడితే ఒక ఫొటో వెలుగ్గా, పక్కది మసగ్గా, ఒక్కోసారి అడ్డచారలతో వస్తుంది. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ఒక పూర్తి మిణుకు ఫొటోలో పడేలా 1/100కి దిగక తప్పదు. దిగినప్పుడు ఊరేగింపు పక్కన నిలబడకుండా ఎదురుగా, దారికి అడ్డం కాకుండా నిలబడండి. మీ వైపు నడిచొచ్చే మనిషి ఫ్రేములో అడ్డంగా జరగడు కాబట్టి చెదరడం చాలా తక్కువ. తలపై ఘటం ఎత్తుకున్నవాళ్లు ఆగి దండం అందుకునే క్షణం కోసం కాచుకోండి. పులివేషగాడు గెంతి పైకెళ్లి కిందికి తిరిగే చోట ఒక్క లిప్త ఆగుతాడు. డప్పు దరువుకి చెవి అలవాటుపడితే ఆ లిప్త ఎప్పుడొస్తుందో మీకే తెలుస్తుంది.

సెట్టింగుకి వస్తే, మాన్యువల్ మోడ్‌లో షట్టర్, అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం సైజు) మీరు పెట్టి, ఐఎస్‌ఓ ఆటోకి వదలడం నాకు నచ్చిన దారి. ఎక్కువైతే 6400 దగ్గర ఆగేలా హద్దు పెట్టుకోండి. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ జూమ్ చేస్తే అపెర్చర్ ఎఫ్/5.6కి పోతుంది (ఎఫ్ అంకె పెరిగితే వెలుగు తగ్గుతుంది), రాత్రిళ్లు అక్కడే ఇబ్బంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ మూడు స్టాప్‌లకి పైగా వెలుగిస్తుంది. కొత్త కెమెరా బాడీ కొనే ముందు అది కొనండి.

ట్రైపాడ్ జాతర జనంలో కుదరదు. ఫ్లాష్ దగ్గరివాళ్లకి పనిచేస్తుంది, దీపాల వెలుగు అందం మాత్రం పోతుంది. రంభ వైపు చిలికలో ఎగిరే పక్షులకి 1/2000 పెట్టేయండి, వేరే ఆలోచన అక్కర్లేదు.

ఇక ఫోన్‌తో తీసేవాళ్లు. నైట్ మోడ్ వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది కాబట్టి గుడి గోపురానికి బాగుంటుంది, నడిచే మనిషికి కాదు. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/125 పెట్టి ఐఎస్‌ఓ ఆటోకి వదిలి, మనుషులు వెలుగున్న మిఠాయి కొట్టు ముందుకి వచ్చినప్పుడు తీయండి.