హాప్‌స్కాచ్: గెంతుతూ చదివే నవల

అర్జెంటీనా రచయిత హులియో కొర్తాసర్ 1963లో స్పానిష్‌లో తెచ్చిన ఈ నవలని గ్రెగరీ రబాసా ఇంగ్లిష్ అనువాదంలో చదివాను. మొత్తం 155 అధ్యాయాలు. 56 దాకా వరుసగా చదివి ఆపేయొచ్చు, లేదంటే ముందే ఇచ్చిన పట్టిక ప్రకారం 73తో మొదలుపెట్టి 1, 2, 116, 3 అంటూ గెంతుకుంటూ పోవచ్చు. తర్వాత ఎక్కడికెళ్లాలో ప్రతి అధ్యాయం చివర నంబరు ఉంటుంది, టెన్షన్ లేదు. నా ఓటు గెంతుడుకే.

కొర్తాసర్‌కి జాజ్ అంటే పిచ్చి, సరదాకి ట్రంపెట్ కూడా ఊదేవాడు. ఆ పిచ్చంతా 10వ అధ్యాయం నుంచి బయటపడుతుంది: పారిస్‌లో ఒక గది, వర్షం, మందు, ఒకదాని తర్వాత ఒకటి పాత రికార్డులు, బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ పాడుతుంటే హీరో, అతని స్నేహితుల వాదనలు, ఎవరి మాట ఎక్కడ తెగి ఎవరి ఆలోచన ఎక్కడ అందుకుందో పట్టుకోవాలంటే చెవులు రిక్కించాల్సిందే. ఇక 34వ అధ్యాయంలో ఒక లైను హీరో చదువుతున్న పాత నవలది, తర్వాతి లైను అతని మనసులోది, చివరిదాకా ఇంతే. అచ్చుతప్పు కాదు, కంగారుపడకండి.

మొరెల్లి అనే రచయిత పాత్ర సిద్ధాంతాలు మాత్రం సాగదీతే. అన్నీ తెలిసిన మగాళ్లు హీరో ప్రియురాలు లా మాగాకి పాఠాలు చెప్పే తీరు ఇప్పుడు చదివితే చిరాకు.

సైజు చూసి జంకితే ముందు ఆయన పెద్దకథ 'ద పర్స్యూయర్' పట్టుకోండి. జాజ్ శాక్సోఫోన్ కళాకారుడు చార్లీ పార్కర్‌ని దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ కథలో, మెట్రోలో నిమిషంన్నరలో పావుగంట జ్ఞాపకాలు ఎలా పట్టాయని శాక్సోఫోన్ ఊదే జానీ తల బద్దలుకొట్టుకుంటాడు. అది నచ్చితే ఇది కొనేయండి.